పురుగు లేకపోయినా మందు కొట్టండి

పురుగు లేకపోయినా మందు కొట్టండి. ఒక మడికి చెప్పిన మోతాదు, పక్క మడికి దానికి రెట్టింపు, మూడో మడికి ఉత్త నీళ్లు. కోలారు, మదనపల్లె వైపు పొలాల్లో పెరిగినవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. అయినా కొట్టండి. ఈ పంటను కాపాడటం మీ పని కాదు, మందు కాయ మీద ఎన్ని రోజులుంటుందో కొలవడం మీ పని. లెక్క తేలాక మందు పడ్డ రెండు మడుల కాయలనూ గుంట తీసి పూడ్చండి. ధర ఎంత పలుకుతున్నా బాక్సుకెత్తొద్దు.

బెంగళూరులో కూరగాయల మీద మందుల అవశేషాలు కొలిచే పనికి వచ్చే మన పిల్లలకు నేను చెప్పేవన్నీ ఇలా తలకిందులుగానే ఉంటాయి.

మంచి కాయలు ఏరకండి. టమాటా అయితే వేర్వేరు సాళ్లలోవి, ఆకు చాటువి, నేలకు ఆనినవి కలిపి కిలో తేవాలి, పది కాయలకు తక్కువ కాకూడదు. కడగొద్దు, తుడవొద్దు. ముందు నీళ్లు కొట్టిన మడిలో కోసి, ఆ తర్వాతే మందు మడుల్లోకి వెళ్లండి. లేదంటే మీ చేతికి అంటిన మందే లెక్కలోకి వస్తుంది.

బెండ దగ్గర ఇంకా జాగ్రత్త. బెండ మడిలో ఈ రోజు మందు కొట్టారనుకోండి. పువ్వు విచ్చిన ఆరేడు రోజులకే కాయ కోతకొస్తుంది. అంటే ఏడో రోజు మీరు కోసే కాయ, మందు పడ్డ రోజు మొగ్గో పువ్వో. దాని మీద మందు లేదంటే మందు విరిగిపోయిందని అర్థం కాదు, ఆ కాయ మీద అసలు పడనే లేదు. అందుకే కొట్టిన రోజే కొన్ని పిందెలకు రంగు దారాలు కట్టండి. అవి ముదిరి పీచు పట్టినా కోసి కొలవండి. ముదురు బెండ ఎవరు కొంటారని అడుగుతారు. నిజమే, ఎవరూ కొనరు. తినేవాడి పళ్లెంలోకి వచ్చేది లేత కాయే కాబట్టి దాన్నీ కొలవండి. రెండు లెక్కలూ పక్కపక్కనే రాయండి. టమాటాలోనూ ఇదే చిక్కు: కాయ ఊరే కొద్దీ మందు పలచబడుతుంది, గ్రాఫులో గీత కిందికి దిగుతుంది. ఎండ, వాన, మొక్కలోని ఎంజైములు చేసిన పని ఎంతో, కాయ బరువు చేసిన పని ఎంతో విడదీయాలంటే ప్రతిసారీ కాయను తూచాలి. చాలామంది తూచరు.

మధ్యలో వాన పడితే ట్రయల్ పాడైందని నోట్‌బుక్ చించొద్దు, ఎప్పుడు పడిందో అందులోనే రాయండి.

సున్నా అని రాయకండి. పరికరం నమ్మకంగా చూడగలిగింది కిలోకు 0.01 మిల్లీగ్రాము వరకే అయితే, “0.01 కంటే తక్కువ” అని రాయండి. కొట్టిన మందు ఒక్కదాన్నే వెతకొద్దు కూడా. ఎసిఫేట్ తగ్గుతూ మెథమిడోఫాస్ అవుతుంది, డైమిథోయేట్ ఒమిథోయేట్ అవుతుంది. పుట్టినవి రెండూ తల్లి మందుకంటే ఎక్కువ విషం.

ఇక రైతుకు చెప్పాల్సిన లెక్క. కొట్టిన రెండు గంటలకు కిలోకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, సగానికి తగ్గడానికి మూడు రోజులు పడుతుందనుకుందాం. మూడో రోజుకు 2, ఆరో రోజుకు 1, తొమ్మిదో రోజుకు 0.5. కాయ మీద అనుమతించిన పరిమితి 0.5 అయితే తొమ్మిది రోజులు ఆగాలి. రెట్టింపు కొడితే 8తో మొదలవుతుంది, పన్నెండు రోజులు. పొలంలో మందును సీసా మూతతో కొలవడం చాలామందికి ఉజ్జాయింపే, అందుకే రెట్టింపు మడి మానొద్దు. నిజం పొలంలో తగ్గుదల ఇంత నున్నగా సాగదు, చివరి రోజుల్లో నత్తనడక నడుస్తుంది. గీతకు అందని చుక్కల్ని చెరిపేయకండి.

టమాటా కోత మూడు నాలుగు రోజులకోసారి పడుతుంది. తొమ్మిది రోజులు ఆగమంటే రెండు మూడు కోతలు పోతాయి. “వదులుకోమంటారా?” అని రైతు అడిగితే నీళ్లు నమలకండి. ఇప్పటికే కొట్టి ఉంటే వదులుకోమనండి, ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలోకి చూడండి. వచ్చే పంటకు మాత్రం ముందే వెళ్లండి. ఎక్కువ రోజులు నిలిచే మందేదైనా ఉంటే పూతకు ముందే ముగించమని, కోతలు మొదలయ్యాక ఆగాల్సిన రోజులు రెండు కోతల ఎడంలో ఇమిడే మందు తప్ప ముట్టొద్దని, నారు వేసే రోజునే చెప్పండి.