ఊరూ పేరూ డాట్ ఇన్

ఒడిశాలో నాల్కో అల్యూమినియం కంపెనీ ఊరు దామంజోడిలో ఫ్రిజ్ పాడైతే జనం ఏం చేస్తారు? పక్క క్వార్టర్‌వాళ్లని అడిగి నంబరు తీసుకుంటారు, ఫోన్ కొడతారు. ఇంత వెనకబాటుతనం చూసి డిజిటల్ మార్కెటింగ్ పండితుల కడుపు తరుక్కుపోతోంది. వాళ్ల దగ్గర మందుంది. ఊరి పేరూ చేసే పనీ కలిపేసి డొమైన్ కొనాలి: దామంజోడిబెస్ట్‌ఫ్రిజ్‌రిపేర్ డాట్ ఇన్. ఇక పంచపట్మలి కొండ మీంచి నాల్కో కన్వేయర్ బెల్టు మీద బాక్సైటు దిగినట్టు గిరాకీ దిగుతూనే ఉంటుందట.

ఈ చిట్కా ఒకప్పుడు పారింది, కాదనను. వెతికిన మాటలే చిరునామాలో కనబడితే సెర్చి ఇంజను మురిసిపోయి పైన కూర్చోబెట్టేది. లోపల సరుకు లేకుండా పేరొక్కటే సరిపోయే సైట్లను కిందికి దించుతున్నామని 2012 సెప్టెంబరులోనే గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ ప్రకటించాడు. ఆ కబురు ఇంకా కొరాపుట్ ఘాట్ ఎక్కుతున్నట్టుంది. దగ్గర్లో మెకానిక్ కావాలంటే తాను చూసేవి మూడని గూగులే చెబుతోంది: అడిగిన పని చేస్తాడా, ఎంత దూరంలో ఉన్నాడు, నలుగురిలో ఎంత పేరుంది. దూరం కొలవడానికి షాపు దామంజోడిలో ఉంటే చాలు, డొమైన్‌లో ఉండనక్కర్లేదు.

స్పెల్లింగు సంగతి చెప్పనే లేదు. మన పక్క జయపురానికీ రాజస్థాన్ జైపూర్‌కీ ఇంగ్లీషులో తేడా నాలుగు అక్షరాలే. రాత్రి పదింటికి పైపు పగిలి ఇల్లు చెరువైనవాడు ‘జె’ తరవాత ‘ఇ’ కొట్టాలా ‘ఎ’ కొట్టాలా అని ఆలోచిస్తాడా? కొట్టేస్తాడు. పింక్ సిటీ ప్లంబరు ప్రత్యక్షమవుతాడు. పండితుడు తొణకడు, రెండు స్పెల్లింగులూ కొనేయమంటాడు. 2011 నవంబరులో ఒరిస్సా కాస్తా ఒడిశా అయినప్పుడు పాత పేరుతో డొమైన్లు కొనుక్కున్నవాళ్లకూ అదే మందు: ఇంకోటి కొనండి. బోర్డయితే పెయింటరు ఓ పూటలో దిద్దేవాడు.

సరే, సునాబెడ హెచ్‌ఏఎల్ కాలనీ నుంచి పిలుపొచ్చింది. వెళ్లొచ్చా? చిరునామాలో దామంజోడి అని ఉందే! అయితే సునాబెడకొకటి, సిమిలిగుడకొకటి, కొరాపుట్‌కొకటి, ధైర్యముంటే రాయగడకొకటి. మనిషొకడే, స్కూటరొకటే, చిరునామాలు ఐదు. కొన్నామని చెప్పుకోవడమే గానీ ఇవన్నీ అద్దె కొంపలు. గడువుకి డబ్బు కట్టకపోతే కొన్నాళ్లకి ఎవడైనా వచ్చి దిగొచ్చు.

ఇంతా చేసి సైటు తెరిస్తే, ‘మా గురించి’ పేజీలో పసుపు హెల్మెట్ పెట్టుకున్న తెల్లదొర బొటనవేలు చూపిస్తూ నవ్వుతుంటాడు. మన మెకానిక్ ఫొటో ఉండదు. ‘సంప్రదించండి’ నొక్కితే నంబరు బదులు ఫారం: పేరు, ఈమెయిలు, మీ సమస్య 500 అక్షరాలకు మించకుండా. అక్కడ కరిగిన ఐస్‌క్రీమ్ గడప దాటుతుంటుంది. నింపిన ఫారాలన్నీ పండితుడు తెరిచిపెట్టిన మెయిలుకి చేరతాయి. దాని పాస్‌వర్డ్ మెకానిక్‌కి తెలియదు. రెన్యువల్ డబ్బులు కట్టాక చెబుతాడట.