సొమ్ము పోసి కొన్న చుట్టరికము
(టీకా తాత్పర్య విశేషసహితము)

అవతారిక: అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణాగ్రమున కేప్ మే అను సముద్రతీర పట్టణము కలదు. అదే రాష్ట్రపు ఎడిసన్ ఊరి తెలుగువారు నిత్యము విసుగుకొనుచు ప్రయాణించు గార్డెన్ స్టేట్ పార్క్‌వే రహదారికి సున్నా మైలు ఈ ఊరి చెంతనే. విక్టోరియా రాణి (పాలన 1837–1901) కాలపు కొయ్యయిండ్లను బాగుచేసి, పడకను, పొద్దుటి ఫలహారమును ఒకే వెలకు ఇచ్చు బసలు ఈ ఊర మెండు. అట్టి బసలో రాత్రి గడిపిన ఎడిసన్ వాసి యొకడు, వృత్తి సాఫ్ట్‌వేర్, ప్రవృత్తి పద్యము, ఇట్లు వాపోవుచున్నాడు.

ఆ.వె.
మెట్లు కిర్రుమనగ మేడ యెక్కితినయ్య
తొట్టి కుండె కాళ్లు, తోక లేదు
ముద్ద ముద్ద కచట మొగమాటమే కూర
సొమ్ము పోసి కొంటి చుట్టరికము

టీక: మెట్లు = నూరేండ్లు దాటిన కొయ్యమెట్లు; కిర్రుమనగ = ఇంటిల్లిపాదికి మన రాక తెలియునట్లు మ్రోగగా; మేడ = లిఫ్టు లేని మూడవ అంతస్తును; ఎక్కితిని = సూట్‌కేసులతో సహా ఎక్కితిని; అయ్య = ఇది సంబోధన కాదు, ఆయాసము; తొట్టికిన్ = స్నానపు తొట్టికి; కాళ్లు ఉండె = గోళ్లతో గూడిన నాలుగు ఇనుప పాదములుండెను; తోక లేదు = కవి వంగి చూచెను; అచట = భోజనపు బల్లకడ; ముద్ద ముద్దకున్ = స్కోను రొట్టె తునక తునకకు; మొగమాటమే కూర = మొహమాటమే ఆదరువు; సొమ్ము పోసి = ముందుగానే చెల్లించి; చుట్టరికము = బంధుత్వమును; కొంటి = కొనితిని.

తాత్పర్యము: హోటలునకు డబ్బిచ్చినచో మనమెవరమో ఎవరికిని పట్టదు. ఈ బసకు డబ్బిచ్చినచో చుట్టపుచూపుగా వచ్చినవాని బాధ్యతలన్నియు మీద పడునని భావము.

విశేషములు:
1. మెట్లు కిర్రుమనుటకు చరిత్ర కలదు. 1878 నవంబరులో అగ్నిప్రమాదమున ఈ ఊర దాదాపు 35 ఎకరములు కాలిపోయెను. జనులు బెదరక మరల కొయ్యతోనే కట్టిరి. పిమ్మట విహారయాత్రికులు అట్లాంటిక్ సిటీ అను మరొక తీరపట్టణమునకు మరలిరి. పాతవి కూల్చి కొత్తవి కట్టు స్తోమత లేక ఇండ్లు మిగిలెను. 1976లో ఊరంతయు జాతీయ చారిత్రక స్థలమయ్యెను. నాటి లేమియే నేటి గది అద్దెకు హేతువు.

2. తొట్టికి కాళ్లు అతిశయోక్తి యని కొందరందురు. కాదు, స్వభావోక్తియే. పోత ఇనుముతో చేసి, లోపల ఎనామిల్ పూసిన ఆ కాలపు తొట్లు కాళ్లపైననే నిలుచును. అంచు ఎత్తు. కావున స్నానము కంటె దానిలోనికి దిగుటయే ఘనకార్యము.

3. పూర్వపక్షము: సొమ్మిచ్చినవానికి మొహమాటమేల? సిద్ధాంతము: సొమ్ము గదికి చెల్లినది, వేకువనే లేచి స్వహస్తములతో వండిన ఇంటావిడకు కాదు. ఆమె పక్కనే నిలిచి "ఎట్లున్నది?" అనుచుండగా ఉప్పు తక్కువని ఎవ్వడనగలడు? ఎదుటి దంపతులు మనుమని ఫొటోలు చూపుచుండగా ఫోను ఎవ్వడు తీయగలడు? "ఏ ఊరు మీది?" అనిరి. కవి "ఎడిసన్" అనెను. "అది కాదు, అసలు ఊరు?" అనిరి. తెనాలి చెప్పక తప్పలేదు. ఈ ప్రశ్న తెనాలి రైలులో కవియే ఎందరినో అడిగియుండెను.

4. "కార్డు గీసి కొంటి" అని పాఠాంతరము కలదు. యథార్థమునకు దగ్గరయ్యును యతి చెడుటచే గ్రాహ్యము కాదు.

ఫలశ్రుతి: గది బుక్ చేయుటకు ముందు ఈ పద్యమును ముమ్మారు పఠించువారికి కింది అంతస్తు గదియు, సొంత స్నానాలగదియు లభించును. పఠింపనివారికి చుట్టరికము లభించును. రెండవవారే మరుసటి ఏడు మరల వత్తురని పెద్దలందురు.