‘కడుపులో తిప్పుతోందే’: సటీకా తాత్పర్యం

మూలం: “అమ్మా, హాల్‌టికెట్టు చూస్తుంటే కడుపులో తిప్పుతోందే!”

అవతారిక: ఇంటర్ పరీక్షకు బయలుదేరిన కుర్రవాడు, ఇడ్లీ ప్లేటుతో గుమ్మందాకా వెంటపడిన తల్లితో పలికిన వాక్యమిది.

టీక: అమ్మా = ఓ తల్లీ; హాల్‌టికెట్టు = తన ఫొటోతోనే తనను బెదిరించు కాగితమును; చూస్తుంటే = చూచుచుండగా; కడుపులో = ఉదరమందు; తిప్పుతోందే = తిరుగుడు పడుచున్నది సుమా. చివరి ఏకారం జాలి కోసం. కొన్ని ఇళ్లలో ‘దేవుతోందే’ అని పాఠాంతరం. ఇడ్లీ మిగిలిపోవడంలో మాత్రం భేదం లేదు.

తాత్పర్యం: అబ్బాయికి భయంగా ఉంది.

విశేషాలు: భయం పుట్టేది తలలో గదా, కడుపులో తిప్పడమేమిటని పూర్వపక్షం. ఇది వట్టి అతిశయోక్తి అని కొందరు, పరీక్ష ఎగ్గొట్టే ఎత్తు అని వాడి తండ్రి. రెండూ కావు, స్వభావోక్తి. అన్నవాహిక మొదలు పెద్దపేగు చివరిదాకా ఆ గోడల్లో పదికోట్లకు పైగా నాడీకణాలున్నాయి. పైనుంచి ఉత్తరువు రాకపోయినా అవి పని నడుపుకోగలవు. బయటి నరాలు కోసేసిన కుక్క పేగుల్లోనూ ఆహారాన్ని ముందుకు నెట్టే కదలిక సాగడం 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. మెదడుకూ పేగుకూ నడుమ రాయబారి వేగస్ నరం. అందులో నూటికి ఎనభై దాకా తంతువులు కింది కబుర్లు పైకి మోసేవే.

దృష్టాంతం: 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనేవాడి పొట్టలో తుపాకి దెబ్బకు పడిన కన్నం మూసుకోలేదు. విలియం బ్యూమాంట్ అనే డాక్టరు ఏళ్ల తరబడి అందులోంచి పరిశీలించి, కోపం జీర్ణాన్ని చెడగొడుతుందని 1833 నాటి గ్రంథంలో రాశాడు. (అన్నేళ్లు ఒకడు పొట్టలోకి తొంగిచూస్తుంటే కోపం రాదా మరి!)

దోషవిచారం: ఒంట్లోని సెరోటోనిన్ నూటికి తొంభై పాళ్లు పేగులోనే తయారవుతుంది కనుక సంతోషమంతా అక్కడే పుడుతుందని వాట్సాప్ వ్యాఖ్యాతల మతం. ఇది అతివ్యాప్తి. ఆ సెరోటోనిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే చేసుకుంటుంది.

ఇక ‘తిప్పుట’కు హేతువు. భయపడ్డ మెదడు విడిచే సీఆర్‌ఎఫ్ అనే రసాయనం పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మది చేసి, పెద్దపేగును మాత్రం తరుముతుంది. ఇడ్లీ దిగనిదీ, బాత్‌రూమ్ తలుపు ఊరుకోనిదీ ఇందుకే. కనుక ప్రశ్నపత్రం ఇచ్చిన పది నిమిషాలకే చెయ్యెత్తిన పిల్లవాణ్ణి ఇన్విజిలేటరు గారు స్లిప్పుల దొంగలా చూడవద్దని వ్యాఖ్యాత మనవి.