పాత గిటారు పెట్టెకు టీకా తాత్పర్యం

మల్లినాథ సూరి మెదక్ సీమలోని కొల్చారం వాడంటారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ఆయన ఒక ప్రతిజ్ఞ చేశాడు: మూలంలో లేనిది రాయడు, అక్కరలేనిది చెప్పడు. పాత వాల్వు ఆంప్లిఫయరును విప్పి మార్పులు చేయాలని ఉబలాటపడే వాళ్లందరి చేతా సోల్డరింగ్ ఐరన్ పట్టకముందే ఆ ప్రతిజ్ఞ చేయించాలి. మూలం లేనిదే టీక ఉండదు. గిటారు ఆంప్లిఫయరు పెట్టె మీద ప్రాచీనులెవరూ పద్యం చెప్పలేదు కనుక వ్యాఖ్యాతే ఒక ఆటవెలది కట్టుకున్నాడు.

మూలం:

మూడు గాజు బుడ్లు ముద్దుగా వెలుగంగ
పలుకు నింపుగాను పాత పెట్టె;
మీట యార్పి ముట్ట మిగిలిన విద్యుత్తు
కఱచు ముందు దాని కథ తెలియుము.

అవతారిక: విశాఖపట్నంలో ఓడెక్కిన ఒక పెట్టె బంగాళాఖాతం దాటి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిందనుకుందాం. ఆ ఊరికి 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి దాదాపు పదమూడు మంది మాతృభాష తెలుగు. అందుచేత ఆ పెట్టె మీద తెలుగు పద్యం పుట్టడంలో అనౌచిత్యం లేదు. పెట్టె పేరు ఫెండర్ ఛాంప్, నమూనా 5ఎఫ్1, కాలం 1950ల ఉత్తరార్ధం. స్పీకరు ఎనిమిది అంగుళాలు, శక్తి ఐదు వాట్లు.

ప్రతిపదార్థం:

మూడు గాజు బుడ్లు = మూడు వాల్వులు. మొదటిది 12ఏఎక్స్7. ఐరోపా వాళ్లు దీన్నే ఈసీసీ83 అంటారు. ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడులుంటాయి. గిటారు పికప్ నుంచి వచ్చే పీలగొంతును పెంచేది ఇదే. రెండోది 6వి6జిటి, స్పీకరును కదిలించేది. మూడోది 5వై3జిటి, రెక్టిఫయరు. ఇది పాటలో పాలుపంచుకోనట్టే కనిపిస్తూ ఏసీని డీసీగా మారుస్తుంది.

ముద్దుగా వెలుగంగ = లోపలి ఫిలమెంటు ఎర్రబడగా. ఇది అలంకారం కోసం వేసిన మాట కాదు. ఆ వేడికే కాథోడు ఎలక్ట్రాన్లను వదులుతుంది. 1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వు చేశాడు. రెండేళ్లకు లీ డి ఫారెస్ట్ వాటి మధ్యన గ్రిడ్ అనే చిన్న జాలీ పెట్టాడు. జాలీ మీద వోల్టేజీ కొంచెం మారితే దాన్ని దాటే కరెంటు చాలా మారుతుంది. ఆంప్లిఫయరు విద్య మొత్తానికి బీజాక్షరం ఇదే.

ఇంపుగాను = వినసొంపుగా. ఇక్కడ కొంత ఆగాలి. వాల్వును దాని సత్తువకు మించి తోస్తే, అది తరంగం కొనలను ఒక్కసారిగా కోసేయకుండా మెల్లగా చదును చేస్తుంది. అప్పుడు అసలు స్వరంతో పాటు దాని హార్మోనిక్సూ పలుకుతాయి. పైగా తీగను గట్టిగా మీటితే రెక్టిఫయరు వాల్వు దగ్గర వోల్టేజీ కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. దానివల్ల దెబ్బ మెత్తబడి నాదం సాగుతుంది. ఇంజనీరు దోషమన్నదాన్ని వాయిద్యకారుడు గుణమన్నాడు. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరి, ఆ చిరుగు గొంతుతోనే ‘యూ రియల్లీ గాట్ మీ’ రికార్డు చేశాడు. మూలంలో లేనిది చేర్చడానికి అది అనుమతిపత్రం కాదు. చీరింది అతని సొంత పెట్టెను.

మీట యార్పి ముట్ట = స్విచ్ ఆపి, వెనక పలక విప్పి, వేలు పెడితే.

మిగిలిన విద్యుత్తు = ఫిల్టరు కెపాసిటర్లలో నిలిచిన వోల్టేజీ. ఇంత చిన్న పెట్టెలోనూ అది మూడు వందలకు పైమాటే. ఒక్కోసారి వాల్వుల గుండానే దిగిపోతుంది. ఆ దిగుదలను నమ్మి చేయి పెట్టరాదు.

పాఠభేద చర్చ: నాలుగో పాదం దగ్గర పండితులు రెండు పక్షాలవుతారు. “కఱచు” అన్నాక విరామం ఉంది, “ముందు దాని కథ తెలియుము” వేరే వాక్యమని ఒక పక్షం. “కఱచుముందు” ఒకే పదం, కరవకముందే తెలుసుకొమ్మని అర్థమని రెండో పక్షం. ఐదారు వందల పుటల వాదం నడవదగ్గ చోటే. కానీ ఛాసిస్ మీద చేయి వేసి ఉన్నవాడికి రెండో పక్షమే క్షేమం.

తాత్పర్యం: మార్చడం కన్నా ముందు చదవడం. ఈ దీవుల్లో ఆ చదువు గోడ ప్లగ్గు దగ్గరే మొదలవుతుంది. పెట్టె అమెరికా కరెంటుకు పుట్టింది. ఇక్కడిది 230 వోల్టులు. నేరుగా గుచ్చితే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా 60 హెర్ట్జ్‌కు చుట్టిన ఇనుము మన 50 హెర్ట్జ్ మీద మరికొంత వేడెక్కుతుంది. అండమాన్ దీవులు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో కలిసి లేవు. ఏ దీవికి ఆ దీవే కరెంటు పుట్టించుకోవాలి, అదీ ఎక్కువగా డీజిల్ జనరేటర్లతో. కనుక వచ్చే వోల్టేజీ ఎంతో మీటరుతో చూశాకే మీట నొక్కాలి.

రెండో మాట, గాలి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లదాకా వాన, చుట్టూ ఉప్పు సముద్రం. వాల్వు సాకెట్ల సందుల్లో తుప్పు చేరితే పెట్టె చిటపటమంటుంది. దాన్ని వాల్వు దోషమనుకుని కొత్త వాల్వులకు డబ్బు తగలేయకూడదు. సాకెట్టు, జాక్, పొటెన్షియోమీటరు తుడిస్తేనే సగం జబ్బు పోతుంది. అరవై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎలాగూ ఎండిపోయి ఉంటాయి. మిగిలిన ‘హమ్’ వాటిదే అయివుంటుంది, మార్చాల్సిందే. ఆనాటి అమెరికా పెట్టెలకు చాలావాటికి రెండు పిన్నుల తీగే ఉండేది. దాని బదులు ఎర్తుతో మూడు పిన్నుల తీగ వేసి, ఎర్తును ఛాసిస్‌కు బిగించాలి. ఇవి మూడూ మార్పులు కావు, జీర్ణోద్ధరణ.

పూర్వపక్షం: “6వి6 తీసి 6ఎల్6 పెడితే గొంతు పెరగదా?” అని ఒకాయన అడుగుతాడు.

సిద్ధాంతం: సాకెట్టులో పడుతుంది, నిజమే. కానీ 6వి6 ఫిలమెంటు 0.45 ఆంపియర్లు తాగితే 6ఎల్6ది 0.9. అదనపు భారమంతా అరవై ఏళ్లు దాటిన ట్రాన్స్‌ఫార్మరు నెత్తిన పడుతుంది. “5వై3 బదులు డయోడ్లు?” వోల్టేజీ పెరిగి మిగతా వాల్వులు అలసిపోతాయి, ఇందాక పొగిడిన కుంగుబాటూ పోతుంది. ఒప్పుకోదగ్గవి రెండున్నాయి. 12ఏఎక్స్7 స్థానంలో 12ఏవై7 పెడితే గెయిన్ తగ్గి గొంతు నిర్మలమవుతుంది. స్పీకరు వైపు నుంచి వెనక్కి వచ్చే 22 కిలో ఓముల ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు ఒక కొస విప్పితే గొంతు గరుకెక్కుతుంది. రెండూ నచ్చకపోతే పది నిమిషాల్లో యథాస్థితికి తేవచ్చు. మల్లినాథుడు ఒప్పుకునేది ఇలాంటి వ్యాఖ్యనే.

విశేషం: పెట్టె చెక్కను అండమాన్ పడౌక్‌తో మార్చాలనే ఆశ స్థానికులకు సహజం. 1883 నుంచి నడుస్తున్న చాతమ్ రంపపు మిల్లు ఉన్న ఊరది. పడౌక్ ఎర్రగా, అందంగా ఉంటుంది, చెదలకు లొంగదు. అయితే బరువెక్కువ. ఛాంప్ మూలం తేలికైన పైన్. పడౌక్ పెట్టె చూడడానికి బాగుంటుంది, మోయడానికి కాదు. ఆ మోజు తీరాలంటే మూలాన్ని దాచి, కొత్త పెట్టె వేరుగా చేయించాలి.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు కొనాల్సిన వస్తువులు నాలుగు: డిజిటల్ మల్టీమీటరు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు, ఎర్తు ఉన్న మూడు పిన్నుల తీగ, కెపాసిటర్లను ఖాళీ చేయడానికి 10 కిలో ఓముల ఐదు వాట్ల రెసిస్టరు. ఖాళీ చేశాక మీటరుతో సున్నా చూసి గాని చేయి పెట్టకండి. మీటరు చదవడం రాకపోతే తెలిసిన మెకానిక్ దొరికేదాకా వెనక పలక మరలు తీయకండి.