సినిమా పిచ్చోడికి గోడ గడియారం

బాల్కనీల్లో క్రిస్మస్ నక్షత్రాలు వెలిగినప్పటి నుంచి, సంక్రాంతికొచ్చిన అల్లుళ్లు అత్తారింటి గుమ్మం దిగేదాకా తెలుగునాట సినిమా పిచ్చోళ్లకు గడ్డుకాలం. పెద్ద హీరోల సినిమాలు ఒకదాని మీద ఒకటి పడేదీ అప్పుడే, బంధుమిత్రులకు వీళ్ల మీద ప్రేమ పొంగేదీ అప్పుడే. మొదటిదాన్ని ఎలాగో తట్టుకోవచ్చు. రెండోదే ప్రాణం మీదికొస్తుంది. ఎందుకంటే ప్రేమ ఈమధ్య నోటిమాటగా రావడం మానేసి, అట్టపెట్టెలో కూర్చుని కొరియర్లో వస్తోంది. పెట్టె మీద “సినిమా ప్రియుల కోసం ఏరికోరిన విలక్షణ కానుక” అని రాసి ఉంటుంది.

విప్పి చూడక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే చెప్పేయొచ్చు. పల్చగా, చదరంగా ఉంటే అది క్లాప్‌బోర్డు ఆకారపు గోడ గడియారం. పోయినేడాది తోడల్లుడు ఇచ్చిందీ అదే, అంతకుముందు ఆఫీసువాళ్లు ఇచ్చిందీ అదే. విలక్షణ కానుకలన్నీ ఒకేలా ఉండటం ఈ వ్యాపారంలో ఉన్న అసలు విలక్షణత.

పాపం, క్లాప్‌బోర్డుకు సెట్లో ఒక పనుంది. బొమ్మ ఒక చోట, శబ్దం ఒక చోట రికార్డవుతాయి కాబట్టి, ఆ చెక్క టప్పుమన్న క్షణాన్ని పట్టుకుని ఎడిటింగ్ గదిలో రెంటినీ కలుపుతారు. గోడకెక్కాక అది టప్పుమనదు, టిక్కుటిక్కుమంటుంది. అయినా మన ఆచారం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. సినిమా ముహూర్తం రోజున ఒక ప్రముఖుడు క్లాప్ కొడతాడు, ఇంకో ప్రముఖుడు కెమెరా స్విచ్ ఆన్ చేస్తాడు, మూడో ఆయన గౌరవ దర్శకత్వం వహిస్తాడు. ముగ్గురూ టిఫిను చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఆ సినిమా ఏమైందో వాళ్లకు అక్కర్లేదు. గడియారం ఇచ్చినవాడిదీ గౌరవ దర్శకత్వమే.

ఈ జాడ్యం మనకు పడమటి గాలితో వచ్చింది. అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ దాటితే చాలు, పత్రికల్లోనూ దుకాణాల్లోనూ సినిమా ప్రియులకు ఏమివ్వాలో చెప్పే జాబితాలు పుట్టుకొస్తాయి. 2024లో ‘డ్యూన్’ రెండో భాగం వచ్చినప్పుడు అక్కడి ఏఎంసీ థియేటర్ల వాళ్లు ఇసుక పురుగు నోరులాంటి మూతతో ఒక పాప్‌కార్న్ బకెట్టు అమ్మారు. గింజల కోసం చెయ్యి పెడితే నోటి చుట్టూ ఉన్న మెత్తటి పళ్లు ముంజేతిని తడుముతాయి. దేశమంతా దాన్ని చూసి పగలబడి నవ్వింది. నవ్వి, ఎగబడి కొంది. అప్పట్నుంచి పెద్ద సినిమా అన్నాక పెద్ద బకెట్టు ఉండి తీరాలన్న రూలొకటి వచ్చిపడింది. అలాంటిదాన్నే డాలస్‌లో ఉన్న మనవడు సూట్‌కేసులో సగం చోటు దానికే ఇచ్చి తెనాలి తాతగారికి తెచ్చి పెడతాడు. తాతగారు సినిమా అంటే చెవి కోసుకుంటారన్న మాట నిజమే. కాకపోతే ఆయన కోసుకునేది ‘గుండమ్మ కథ’ కోసం. అందులో ఎక్కడా ఇసుక పురుగు లేదు. సూర్యకాంతం ఉంది, అది చాలు.

డబ్బున్నవాళ్లకు ఇదే రోగం ఇంకాస్త ఖరీదుగా వస్తుంది. ‘టైటానిక్’ చివర్లో నాయికను నీళ్ల మీద తేల్చిన చెక్క తలుపు 2024 మార్చిలో వేలానికొస్తే 7,18,750 డాలర్లు పలికింది. మన లెక్కలో ఆరు కోట్లు. నాయకుడికి కూడా చోటు సరిపోయేదా లేదా అని పాతికేళ్లకు పైగా లోకం కొట్టుకుంటున్న తలుపు అది. కొన్నవాళ్లకైనా ఆ సంగతి ఇప్పుడు తేలి ఉండాలి.

అంతకన్నా గొప్ప కథ చెప్పులది. 1939 నాటి ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’లో జూడీ గార్లండ్ తొడిగిన ఎర్ర చెప్పుల జతల్లో ఒకదాన్ని 2005లో మిన్నెసోటాలోని ఒక మ్యూజియం నుంచి దొంగ ఎత్తుకెళ్లాడు. వాటికి పొదిగినవి నిజం కెంపులనుకున్నాడు. అమ్మబోతే, ఇది ఒట్టి గాజు నాయనా అన్నారు. 2018లో ఎఫ్‌బీఐ వాటిని పట్టుకుంది. 2024 డిసెంబరులో వేలం వేస్తే రుసుములతో కలిపి మూడు కోట్ల పాతిక లక్షల డాలర్లకు పోయాయి, అంటే దాదాపు 275 కోట్ల రూపాయలు. ఇందులో నాకు గౌరవం కలిగింది ఆ దొంగ మీదే. గాజని తెలియగానే వదిలించుకున్నాడు.

మన మధ్యతరగతి అంత దూరం వెళ్లలేదు కాబట్టి, పండగ తగ్గింపులో ప్రొజెక్టరు కొంటుంది. అరచేతిలో పట్టేది. ఇంట్లోనే థియేటర్ అని ఊరిస్తుంది. పెట్టె మీద 4కే అని పెద్దక్షరాలు ఉంటాయి, దాని పక్కన సపోర్టు అని చిన్నక్షరాలు ఉంటాయి. కొంప ముంచేది ఆ చిన్నక్షరాలే. 4కే వీడియో ఇస్తే లోపలికి తీసుకుంటుందని దానర్థం. గోడ మీద వేసేటప్పుడు మాత్రం దానికి ఉన్నది 720 లైన్లే, మరీ చవకదైతే 480. వెలుతురు లెక్కా అంతే. లూమెన్లు వేలల్లో ఉన్నాయని రాస్తారు, అన్సీ పద్ధతిలో కొలిస్తే వందల్లోకి జారిపోతాయి. దాంతో సినిమా కనపడాలంటే ముందు సూర్యుడు అస్తమించాలి, తర్వాత కర్టెన్లు మూయాలి, ట్యూబులైటు ఆర్పాలి, పూజగది దీపం కూడా కొంచెం అడ్డుపెట్టాలి. అప్పుడు గోడ మీద ఒక నీడ కదులుతుంది. కథానాయకుడా, మేకు నుంచి వేలాడుతున్న క్యాలెండరా అని తేల్చుకునేలోపు ఇంటర్వెల్. ఈలోగా అత్తగారు సీరియల్ టైమైందని టీవీ పెడతారు. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటుంది.

ఇక నిరుటి నుంచి కొత్తగా పట్టుకున్నది కృత్రిమ మేధ పోస్టరు. భార్యాభర్తల ఫొటో ఒకటి యాప్‌లో వేస్తారు, మాహిష్మతి కోట ముందు కిరీటాలతో తేలతారు. ఫ్రేము కట్టి పెళ్లిరోజుకిస్తారు. ఆయన చేతికి ఆరు వేళ్లుంటాయి, ఆవిడ మొహం ఇంకెవరిదో ఉంటుంది, అడుగున తెలుగులాగే కనిపించే లిపిలో ఏ భాషకూ చెందని టైటిలుంటుంది. ఆ దంపతులు నిజానికి సినిమా పోస్టర్లు ఇష్టపడే మనుషులే. పోస్టరులో బొమ్మ గీసినవాడి చెయ్యి కనిపిస్తుందని ఇష్టం వాళ్లకు. ఇందులో కనిపించే చెయ్యి ఒక్కటే, దానికీ వేళ్లు ఎక్కువ.

కానుక ఇచ్చేవాడికి చెడ్డ మనసుందని నేననను. వాడికి ఉన్నది తొందర. “సినిమాలంటే ఇష్టం” అన్న ఒక్క ముక్క విన్నాడు, ఏ సినిమాలని అడగలేదు. ఎవరికి ‘శంకరాభరణం’, ఎవరికి ‘శివ’, ఎవరు పాటలొస్తే బయటికెళ్తారు, ఎవరు పాటల కోసమే లోపలికొస్తారు, ఎవరు మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఒంటరిగా చూడ్డానికి ఆఫీసుకు అబద్ధం చెబుతారు? ఇవన్నీ తెలుసుకోవాలంటే ఆ మనిషితో ఒక సాయంత్రం కూర్చోవాలి. గడియారానికి ఒక్క క్లిక్కు చాలు.

మన సినిమాలోనే ఈ సంగతి 1957లో తేల్చేశారు. ‘మాయాబజార్’లో శశిరేఖ చేతికొచ్చిన ప్రియదర్శిని పెట్టె గుర్తుందిగా? మూత తీసినవాళ్లకు తమకు ఎక్కువ ప్రియమైనదేదో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు, రేవతికి నగలు కనిపించాయి, బలరాముడికి ముద్దుల శిష్యుడు దుర్యోధనుడు కనిపించాడు. ఆ పెట్టెను ఈ కానుకల జాబితాలు రాసేవాళ్ల ముందు పెడితే డిస్కౌంటు కూపన్ కనిపిస్తుంది. కొని పంపేవాళ్ల ముందు పెడితే, తామిచ్చిన గడియారం కింద నిలబడి మొహమాటంగా నవ్వుతున్న బంధువుతో దిగిన సెల్ఫీ, దాని కింద లైకులు. ఆ పెట్టెలో సినిమా పిచ్చోడు కనిపించేది ఎవరికో నాకింకా తెలియలేదు.

వీటన్నిటినీ నవ్వుకుని పక్కన పెట్టొచ్చు. ఒకదానికి మాత్రం నవ్వు రాదు. ఈమధ్య ఫిలిం ముక్కను అద్దపు పలకలో బిగించి అమ్ముతున్నారు. “నిజమైన 35 ఎంఎం ఫ్రేము, మీ అభిమాన చిత్రం నుంచి” అంటారు. నాలుగు ఫ్రేములు, ఒక చెక్క స్టాండు, బ్యాటరీ దీపం, ధర మూడంకెల్లో చివర తొమ్మిది. ప్రొజెక్టరు గది బయట ఆపరేటరు పారేసిన తెగిన ముక్కల్ని ఏరుకుని, బల్బులో నీళ్లు పోసి భూతద్దం చేసి, అద్దంతో ఎండను లోపలికి మళ్లించి గోడ మీద బొమ్మ వేసుకున్న తరం ఇంకా బతికే ఉంది. వాళ్లకు ఆ ముక్క ఉచితంగా దొరికింది, పైగా బొమ్మ పడింది.

రీళ్లకు మనం చేసింది తలుచుకుంటే ఈ అలంకారం మీద ఒళ్లు మండుతుంది. నలుపు తెలుపు ఫిలిం పూతలో వెండి ఉంటుంది. ఆట అయిపోయిన ప్రింట్లను తూకానికమ్మారు. కొన్నవాళ్లు కడిగి వెండి తీసుకున్నారు, మిగిలిన పొర గాజుల తయారీకి పోయింది. దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వచ్చింది, ఇవాళ ఒక్క రీలు లేదు. మిగిలిన మూడు రీళ్లనూ వెండి కోసం తానే వదిలించుకున్నానని నిర్మాత కొడుకే చెప్పాడట. ఆ మాట రాసింది పుణేలో జాతీయ ఫిలిం ఆర్కైవ్‌ను పెంచి పెద్ద చేసిన పి.కె. నాయర్. మన తొలి టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ కూడా పోయింది. తెలుగు సినిమాకు పితామహుడని రఘుపతి వెంకయ్య పేరుతో ఏటా అవార్డులిచ్చాం, ఆయన, ఆయన కొడుకు ప్రకాష్ కలిసి తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ను మాత్రం చూసే యోగం మనకు లేదు. దేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తీస్తే దక్కినవి ముప్ఫై లోపే. సినిమా మొత్తాన్ని తగలేసి, నాలుగు ఫ్రేములకు దీపం పెట్టి, దాన్ని సినిమా ప్రేమ అంటున్నాం. పాత రీళ్లను కాపాడి బాగుచేసే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు విరాళాలు తీసుకుంటాయి. కానుకకని తీసిన డబ్బును అటు పంపితే సెల్ఫీ రాదు, నిజమే. ఒక పాత నెగటివ్ మాత్రం ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

ఇంతకీ సినిమా పిచ్చోడికి ఏం కావాలి? అదేం దేవరహస్యం కాదు. మన కుటుంబాల్లో అసలైన సినిమా కానుక నిన్నమొన్నటిదాకా బావగారి నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డు. ఎవరూ రిబ్బను కట్టలేదు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు, నాలుగిళ్లు చల్లగా చూసుకున్నాయి. 2023 జూలైలో ఆ కంపెనీ దానికీ తాళం వేసింది. ఇక థియేటరే మిగిలింది. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్లీ వేసినప్పటి నుంచి పాత సినిమాలకు హాళ్లు ఎలా నిండుతున్నాయో చూస్తున్నాం. డైలాగులన్నీ నోటికొచ్చిన జనం, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్లో చూసుకోగల బొమ్మ కోసం టికెట్టు కొని, కాగితం ముక్కలు చించి సంచుల్లో మోసుకొస్తారు. వాళ్లకు మీ చెక్క స్టాండిస్తే దాన్నీ తెర మీదికి ఎగరేస్తారు.

వాళ్లకు కావలసింది టికెట్టు, దాంతోపాటు మూడు గంటలు. టికెట్టు ఎవరైనా కొనగలరు, మూడు గంటలు ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. పిల్లాణ్ని ట్యూషన్ నుంచి నేను తెస్తానని తమ్ముడు అనాలి. కరెంటు బిల్లు సంగతి రేపు చూద్దాంలే అని ఆవిడ అనాలి. ఇదే సూత్రం తిప్పి ఆవిడకూ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మన ఇళ్లల్లో ఇంటర్వెల్లో కూడా “గ్యాస్ కట్టేశావా?” అని ఫోనొచ్చేది ఆడవాళ్లకే. ఆమె మొదటి ఆటకు ఒక్కతే వెళ్లి, పేర్లు పడేదాకా కూర్చుని, బయట మిర్చి బజ్జీ తిని తీరిగ్గా ఇంటికొచ్చేసరికి అన్నం వండి ఉంటే, అంతకన్నా విలక్షణమైన కానుక ఏ జాబితాలోనూ దొరకదు. పాప్‌కార్న్ డబ్బులు కూడా మీరే ఇస్తే మంచిది. బయటి తిండిని హాల్లోకి రానివ్వకుండా ఆపే హక్కు యజమానులకుందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చేసింది కాబట్టి, ఆ ఖర్చు తప్పదు.

కాబట్టి ఈ సంక్రాంతికి గడియారాలు వెనక్కి తీసుకోండి, టికెట్లు పంపండి. సినిమా నడుస్తున్నంతసేపూ ఫోను తీయకుండా, “వీడు ఏ సినిమాలో చేశాడు?” అని అడక్కుండా పక్కన కూర్చోగలరా? అలాగైతే రెండు తీయండి. కుదరదనుకుంటే ఒకటే తీయండి.