అరవై దాటితేనే వచ్చే జబ్బు

చిక్కడపల్లిలో బండికి ఏదన్నా అయితే ముందు మెకానిక్ దగ్గరికి వెళ్ళం. వెళ్ళనివ్వరు. సందు మలుపులో బాబాయ్ గారు నిలబడి ఉంటారు. ఆయన ఎవరికి బాబాయో ఇంతవరకూ తేలలేదు. ఏజీ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఆడిట్ చేసి రిటైరయ్యారు. కారు లేదు, లైసెన్సు లేదు, చెవులున్నాయి. సాయంత్రాలు త్యాగరాయ గానసభలో మృదంగం శ్రుతి దిగిందని పక్కవాళ్ళకి చెప్పే ఆ చెవులే పొద్దున్నపూట మా బండ్ల మీద పనిచేస్తుంటాయి.

"ఏవోయ్, మొదటి గేరు వేసి కదిలించగానే కింద టక్కుమంది. విన్నావా?"

వినకేం, పదిహేను రోజులుగా వింటున్నాను. బీపీ దాచుకున్నట్టు దాచుకుంటున్నాను.

"స్పీడులో వణుకుతోందా?"

"అరవై దాటితేనండీ."

"స్టీరింగా, సీటా?"

"సీటు."

"అయితే ముందు చక్రాల జోలికి పోకు. గొడవ వెనకాలే," అంటూ డోరు తీసుకుని ఎక్కేశారు.

మా ఇంట్లో ఉన్నది పాత కాలపు పెద్ద బండి. ఇంజను ముందు, తిరిగే చక్రాలు వెనక. ఈ కొసనుంచి ఆ కొసకి బలాన్ని మోసే పొడుగాటి గొట్టం పేరు ప్రొపెల్లర్ షాఫ్టు. అంబాసిడర్‌కి ఉండేది, జీపుకీ ఉండేది. 1983లో మారుతి 800 వచ్చి, ముందు చక్రాలనే తిప్పడం మొదలుపెట్టాక మధ్యతరగతి వాళ్ళు షాఫ్టుని మరిచిపోయారు. బాబాయ్ గారు మరవలేదు.

చిక్కెక్కడంటే, ఈ జబ్బు అరవైలో తప్ప బయటపడదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా అరవై అన్నది మనుషుల వయసే కానీ బండి వేగం కాదు. ఇదివరకు రోగిని చూపించాలంటే తెల్లారకుండా ట్యాంక్‌బండ్ మీదికి తోలుకెళ్ళాల్సి వచ్చేది. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు వంతెన తెరిచారు. ట్రాఫిక్ కోసం వేశామని ప్రభుత్వం అనుకుంటోంది. బాబాయ్ గారి ప్రాక్టీసుకి వేసినట్టే ఉంది.

పొద్దున్న ఐదింటికి ఎక్కాం. అక్కడ అరవై తొక్కొచ్చా అని మాత్రం నన్నడక్కండి. ఆయన వెనక సీట్లో చెప్పులు విప్పి, మ్యాటు పక్కకి నెట్టి, రెండు పాదాలూ రేకు మీద ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు తాళం వేస్తోంది.

"న్యూట్రల్ చెయ్."

చేశాను. ఇంజను నెమ్మదించింది, వణుకు మాత్రం అలాగే ఉంది.

"ఇంజను మీద అభ్యంతరం లేదు. పేరా డ్రాప్."

మిగిలింది చక్రమా, షాఫ్టా? చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు సుమారు నాలుగు తిరుగుతుందట. అరవైలో చక్రం సెకనుకి ఎనిమిది చుట్లయితే, షాఫ్టు ముప్ఫై పైచిలుకు. "చక్రమైతే డోలులా దడదడలాడాలి. ఇది తంబురాలా జుమ్మంటోంది. షాఫ్టే," అని కళ్ళు తెరిచారు.

దిగి అశోక్‌నగర్‌లో టీకి ఆగాం. అక్కడ గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఉచిత ఉపన్యాసం. షాఫ్టు రెండు చివర్లా ప్లస్ గుర్తులాంటి క్రాసులుంటాయి. వంపులో తిరిగే క్రాసు ఒక్క చుట్టులోనే రెండుసార్లు తొందరపడి రెండుసార్లు వెనకబడుతుంది. డెబిట్‌కి క్రెడిట్ రాసినట్టు, రెండో క్రాసు సరిగ్గా ఎదురు తప్పు చేసి లెక్క కుదురుస్తుంది. అందుకే షాఫ్టుకి రెండు చివర్లా ఉన్న పంగలు ఒకే వరసలో ఉండాలి.

"ఎవరు కనిపెట్టారు సార్?"

"పేరు పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానోది. 1903లో అమెరికాలో పేటెంటు తీసుకుని కార్లకి అలవాటు చేసినవాడు స్పైసర్."

పిల్లలు 1903 రాసుకుని మిగతాది వదిలేశారు. "ప్రిలిమ్స్‌కా సార్, మెయిన్స్‌కా?" అని ఒకడు అడిగాడు.

షెడ్డులో బండి పైకి లేచింది. షాఫ్టు విప్పబోతుంటే బాబాయ్ గారు అడ్డుపడ్డారు. "ముందు గుర్తు పెట్టు నాయనా. ఎలా ఉన్నది అలాగే ఎక్కాలి."

"మాకెర్క లేదా సార్?" అన్నాడు మేస్త్రీ.

ఆయన జేబులోంచి ఆడిట్ రోజులనాటి ఎర్ర పెన్సిలు తీసి, షాఫ్టు మధ్యలో పళ్ళ జాయింటు కలిసేచోట అడ్డంగా గీత గీశారు. పక్కన టిక్కు కూడా పెట్టారు. అరిగిన క్రాసు చేతికొచ్చింది, సూది బేరింగులు తుప్పుపట్టి ఇటుకపొడిలా రాలాయి. అంతలో కుర్రాడొకడు, పాపం భక్తికొద్దీ, షాఫ్టంతా డీజిలు గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. గీతా పోయింది, టిక్కూ పోయింది.

కొత్త క్రాసుతో వణుకు రెట్టింపైంది.

"కొత్త మాల్ కదా సార్, జర సెట్ కావాలె. వంద కిలోమీటర్లు తిప్పుండ్రి."

వంద కిలోమీటర్లు అనగానే బాబాయ్ గారి మొహం వెలిగింది. పక్క సీటు వైపు చూశారు కూడా. కానీ ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగధర్మం అడ్డొచ్చింది. నిట్టూర్చి, పంచె ఎగగట్టి బండి కిందికి దూరారు. "ఒక్క పన్ను తప్పింది. చూడు, ముందు పంగ ఒక చూపు, వెనక పంగ ఒక చూపు."

విప్పి, ఒక పన్ను జరిపి, మళ్ళీ బిగించారు.

మర్నాడు వంతెన మీద బండి సన్నాయిలా పోయింది. వెనకనుంచి మాట లేదు. పాదాలు రేకు మీద అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి. వంతెన రెండుసార్లు తిరిగాం. నారాయణగూడలో ఇడ్లీలు తిన్నాం, అప్పుడూ మాట లేదు. ఇంటిముందు దిగి డోరు వేశారు. ఒక్క అడుగు వేసి ఆగారు. వెనక్కొచ్చి డోరు తీసి మళ్ళీ వేశారు. చెవి దగ్గరగా పెట్టి, ఇంకోసారి వేశారు.

"ఏవోయ్," అన్నారు, మొహం విచ్చుకుంటూ.