కంపెనీ బండి బాబూ!

అరకులోనో పాడేరులోనో జీపు స్టాండు దగ్గర పాత మహీంద్రా బానెట్ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డ పెద్దమనిషి కనిపిస్తే, ఆయనే ఒరిజినల్‌గారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది సీ బుక్కులో తప్ప ఇంకెక్కడా కనబడదు.

"కంపెనీ బండి బాబూ! ఒక్క బోల్టు మార్చలేదు" అంటాడు. బోల్టు మార్చని మాట నిజమే అయ్యుండొచ్చు. బోల్టు పట్టుకున్నవన్నీ మార్చాడు. గేర్‌బాక్సు బొలెరోది. స్టీరింగు ఏ బండిదో ఆయనకే తెలీదు, పవర్ స్టీరింగు మాత్రం. వెనక సీట్లు పోయి బల్లలొచ్చాయి. ఇంజను సంగతెత్తితే దూరంగా కొండవైపు చూస్తాడు.

ఆయన దాచినా బానెట్ దాచదు. సీజే 3బీ జీపుకి అంత ఎత్తు ముక్కు ఊరికే రాలేదు. 1953లో విల్లీస్ వాళ్ళు పొడుగాటి హరికేన్ పెట్రోలింజను పట్టడానికే దాన్ని పైకి లేపారు. 2.2 లీటర్లు, 75 హార్స్‌పవర్. మహీంద్రా వాళ్ళు మన దేశంలో దశాబ్దాలపాటు అదే ముక్కుతో జీపులు చేశారు. ఈయనగారి ముక్కు కింద ఇప్పుడున్నది ప్యూజో డీజిలు.

తప్పు పట్టలేం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటెక్కేసరికి ఆ పెట్రోలు తాగుడికి పసుపు బస్తాల కిరాయి చాలేది కాదు. డీజిలింజను దించాడు. ఆ బరువుకి ముందు కమాన్లు కుంగాయి, పట్టీలు వేశాడు. పట్టీలు వేశాక నడుం పట్టేసింది, సీటు మార్చాడు. ఒక్కటి ముట్టుకుంటే బండి మొత్తాన్నీ ముట్టుకోవాల్సిందే. అయితేనేం, కొండమీద దాని ధర పెరిగింది. సంత జనానికి కావలసింది ఎంతమందితో గాలికొండ ఎక్కుతుందన్నదే.

ధర దిగింది, విశాఖ నుంచి పాత బళ్ళు పోగుచేసే బాబు వచ్చిన రోజున. ఆ బాబు సీ బుక్కు తెరిచి ఇంజను మీది నంబరుతో పోల్చాడు. పొంతన లేదు. మారిన ఇంజను ఆర్టీవో ఆఫీసులో రాయించలేదు కూడా. తర్వాత బండి కిందకి దూరాడు. ఛాసిస్ కోసి వెల్డింగు పెట్టిన చోట ఆయన వేలు ఆగిపోయింది. బోల్టులతో బిగించిందైతే ఎప్పుడైనా విప్పి పాతది పెట్టుకోవచ్చు; కోసిన ఇనుము మళ్ళీ పాతది కాదు. ఈ బేరాల్లో సగం ధర పోయేది అక్కడే.

బాబు ఓపిగ్గా చెప్పాడు. 2021లో కేంద్రం తెచ్చిన రూలు ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషను. ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలొస్తాయి. రుసుము 20,000. కానీ రోజూ తిప్పకూడదు, కిరాయికి అసలే కూడదు.

ఒరిజినల్‌గారు ఆలోచనలో పడ్డాడు. "అంటే ఇరవై వేలు కట్టీసి బండి నడపకుండా ఉండాలా బాబూ? డబ్బు కట్టకుండానే నడవని బళ్ళు మా ఊళ్ళో బోలెడున్నాయి. ఆటికేటిస్తారు?"

"పాతింజనేం చేశావు?"

పెరట్లో, పశువులపాక వెనక, రేకు కింద ఉంది. దాని మీద గంప, గంపలో పొదుగుడు కోడి. పట్టణం బాబు తెల్లప్యాంటుతో మోకాళ్ళ మీద కూలబడి, కోడి పొడుస్తున్నా లెక్కచెయ్యకుండా నంబరు తుడిచాడు. సీ బుక్కుతో సరిపోయింది! ఆయన మొహం చూశాక తూకానికి వేద్దామనుకున్న ఇనుముకి అప్పటికప్పుడు రెక్కలొచ్చాయి.

"జీపుకో ధర, ఇంజనుకో ధర బాబూ."

"రెండూ తీసుకుంటే తగ్గిస్తావా?"

"తగ్గించడమేటి! ఇడిగా ఉంటే ఇనుము, కలిస్తే ఒరిజినలు. పెంచాల గదా!"

బాబు నీరసంగా తలూపి, అడ్వాన్సు తీశాడు. ఒరిజినల్‌గారు నోట్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాక అన్నాడు:

"జీపు ఇప్పుడే అట్టుకెళ్ళండి. ఇంజను మాత్రం కోడి లేచేక."